మత్తులో పోయిన మధ్యాహ్నం

ట్యాక్సీ దిగి మెట్ల వైపు తలెత్తి చూసేసరికి ఆమెకు నీరసం ముంచుకొచ్చింది. తాముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆ మెట్లు ఆమెకు కొత్తవేమీ కావు. నెలలు నిండిన కడుపుతో కూడా కూరగాయల సంచి పట్టుకుని గబగబా ఎక్కిన మెట్లే. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన ఆ రోజు మాత్రం ఎవరో పనిగట్టుకుని ఒక్కో మెట్టు ఎత్తు పెంచి పెట్టినట్టు కనిపించింది.

ముందు అత్తగారు, చేతుల్లో పసిపాప. వెనక భర్త, రెండు భుజాలకూ రెండు సంచులు. మధ్యలో ఆమె, ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద. పొట్టను అదిమి పట్టుకోకపోతే కుట్లు ఊడి లోపలిదంతా కింద పడిపోతుందేమో అనిపించేది. అలా అనిపిస్తుందని ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు.

మొదటి మలుపులో ఆగింది.

"కాసేపు కూర్చుంటావా?" అన్నాడు భర్త.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను."

పైనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "పిల్లకి గాలి తగులుతోంది, తొందరగా రండి."

ఆమె సిటీ బస్సు డ్రైవరు. డిపోలో చిన్నా పెద్దా అందరికీ స్టీరింగక్క. ఇరుకు రోడ్డులో ఎదురుగా చెత్తలారీ వచ్చి నిలబడినా, పక్కనున్న బండికి గీత పడకుండా బస్సును వెనక్కి తీయగల మనిషి. ఆమె బ్రేకు వేస్తే వెనక సీట్లో కునుకు తీసేవాళ్ళకు మెలకువ రాదని పేరు. పొట్ట స్టీరింగుకు తగిలేదాకా బస్సు నడుపుతూనే ఉంది. "ఇంక చాలు తల్లీ, లోపలున్న మనిషి హారన్ కొట్టేలా ఉంది" అని డిపో మేనేజరు బతిమాలి సెలవు మీద పంపాడు. తన ఒళ్ళు తన మాట వింటుందన్న సంగతి ఆమెకు ఎంత మామూలంటే, దాని గురించి ఎన్నడూ ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

అలాంటి ఒళ్ళు, తీరా అవసరమైన రోజున మాట వినలేదు.

నొప్పులు మొదలై ఒక రాత్రి గడిచి, మర్నాడు మధ్యాహ్నం కూడా అయిపోవస్తోంది. అప్పుడు ఎవరో "బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది" అన్నారు. ఆ మాటతో గదిలో నడకలన్నీ పరుగులయ్యాయి. ఆమె పడుకున్న మంచం చక్రాల మీద కదిలింది. పైకప్పు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతుంటే, వేరేవాళ్ళు నడిపే బండిలో ఇలా వెల్లకిలా పడి వెళ్ళడం ఇదే మొదటిసారి అనుకుంది. నడుముకు మత్తు సూది వేసేంత వ్యవధి లేదన్నారు. మొహం మీద మాస్కు పెట్టి, గట్టిగా పీల్చమన్నారు. పీల్చింది.

తెలివొచ్చేసరికి చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గొంతు గీరుకుపోయింది. పొట్ట మీద ఇటుకలు పేర్చినంత బరువు. "ఆడపిల్ల. ఊపిరి కాస్త కనిపెట్టి చూడాలని పక్క వార్డులో ఉంచాం" అన్నారెవరో. ఆమె ఏదో అడగబోయింది కానీ కళ్ళు మళ్ళీ మూతలు పడ్డాయి. మర్నాడు పొద్దున ఒక నర్సు తెల్లటి గుడ్డలో చుట్టిన చిన్న మూటను తెచ్చి పక్కన పెట్టి, "ఇదిగోండి మీ అమ్మాయి" అంది.

ఆమె చూసింది. ఎర్రటి మొహం, ఉబ్బిన కనురెప్పలు, మణికట్టుకు ప్లాస్టిక్ పట్టీ. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయనుకుంది. తిరగలేదు. మనసులో మొట్టమొదట మెదిలిన మాట, ఎవరి పిల్ల ఇది?

ఆ మాటకు తనే హడలిపోయి, గబుక్కున వంగి పాప నుదుటి మీద ముద్దు పెట్టింది. చూస్తున్నవాళ్ళు మురిసిపోయారు.

*

ఇంట్లో మంచం కిటికీ కింద వేశారు. మేడ కింది అంతస్తులో ఒక వడ్రంగి దుకాణం ఉంది. రంపం కీచుమన్నప్పుడల్లా పాప ఉలిక్కిపడేది. పాప ఉలిక్కిపడితే ఆమె ఉలిక్కిపడేది. ఆమె కదిలితే కుట్లు చురుక్కుమనేవి.

మనిషి ఏ పని చేసినా పొట్టతోనే చేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది. దగ్గాలన్నా, తుమ్మాలన్నా, పక్కకు ఒత్తిగిల్లాలన్నా, తలుపు చాటునున్న తువ్వాలు అందుకోవాలన్నా పొట్ట కావాలి. నవ్వడానికీ అదే కావాలి. భర్త బేకరీలో పనిచేస్తాడు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి ఒంటి నిండా పిండి వాసనతో వచ్చేవాడు. మాటకారి. వచ్చీరాగానే బట్టీ దగ్గర జరిగిన గొడవో, మాడిపోయిన బ్రెడ్డు సంగతో అభినయించి చూపించేవాడు. "నవ్వించకు, చస్తాను" అని ఆమె దిండు తీసుకుని పొట్టకు అదుముకునేది. నాలుగు రోజులకు అతను నిజంగానే నవ్వించడం మానేశాడు. అడుగుల చప్పుడు కూడా కాకుండా తిరిగేవాడు. ఆమెకు అది ఇంకా కష్టంగా ఉంది.

ఆమెకు తల్లి లేదు. అందుకని అత్తగారే వచ్చింది. పొడవాటి మనిషి, పలకల్లాంటి అరచేతులు. బతుకంతా ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతూ గడిపింది. ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ నడుం వాల్చింది లేదు. వంట ఆవిడదే, పాప స్నానం ఆవిడదే, గుడ్డలు ఉతికి ఆరేయడం ఆవిడదే. కోడలికి వేడివేడి పాలు తెచ్చి, గ్లాసు చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. అంత చేసీ ఊరుకుంటే ఎంత బాగుండేదో.

"నాకు నలుగురు. ఆఖరివాడు పుట్టాక వారం తిరక్కుండానే దుప్పట్లు పిండాను. అయ్యో అన్నవాళ్ళు లేరు. మీకేం అమ్మా, మత్తిచ్చి, కోసి, చేతిలో పెడుతున్నారు" అనేది. కోపంతో కాదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పేది. అందుకే ఎదురు చెప్పడానికి సందు దొరికేది కాదు.

ఒక సాయంత్రం డిపో నుంచి ఆమె బస్సు కండక్టరు వచ్చింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బండి మీద తిరిగారు. పాపను ఎత్తుకుని, ముక్కు బాగుందని మెచ్చుకుని, "పోన్లే అక్కా, నొప్పులు పడే బాధ తప్పింది నీకు. హాయిగా నిద్రపుచ్చి తీసేశారు" అంది.

ఆమె నవ్వి పాపను తిరిగి తీసుకుంది. కండక్టరు వెళ్ళాక గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపుచ్చి తీసేశారు అన్న మాట దోమలాగా చెవి దగ్గరే తిరుగుతూ వదల్లేదు. తను నిద్రపోయింది. తీశారు. తీసింది ఈ పిల్లనేనని ఎవరు చెప్పాలి?

పాపను ఒళ్ళో వేసుకుని గంటల తరబడి చూసేది. చెవి తమ్మెలు, కాలి బొటనవేళ్ళు, నుదుటి మీద నూగు. తన పోలిక ఒక్కటైనా పట్టుకోవాలని వెతికేది. పాలు సరిగా పడేవి కావు. పాప గుక్కపట్టి ఏడిస్తే, తన తల్లి ఇది కాదని ఆ పిల్లకు తెలిసిపోయి ఏడుస్తోందేమో అనిపించేది.

భర్తను అడిగి చూసింది.

"పాప పుట్టినప్పుడు నువ్వు చూశావా?"

"చూశాను కదా."

"పుట్టినప్పుడేనా?"

అతను తల గోక్కున్నాడు. "అప్పుడు నన్ను రక్తం తెమ్మని పంపారు. అక్కడ చాంతాడంత క్యూ. నేను వచ్చేసరికి నిన్ను వార్డులోకి తెచ్చేశారు. పాపని అద్దంలోంచి చూపించారు."

"ఆ అద్దం వెనక ఎంతమంది పిల్లలున్నారు?"

"బోలెడుమంది, వరసగా. ఏం?"

"ఏం లేదులే."

అత్తగారిని మాత్రం అడగలేదు. అసలే మత్తిచ్చి చేతిలో పెట్టారని దెప్పుతున్న మనిషికి, చేతిలో పెట్టింది నా పిల్లో కాదో తెలియదని చెప్పుకోవడమా? ఆ మాట గొంతులోనే దాచుకుంది.

*

ఇంతలో ఒక రోజు నైటీ ముందు భాగాన తడి మరక కనిపించింది. పసుపు రంగు, కొంచెం నీచు వాసన. బస్సు కింద నేల మీద పడ్డ చుక్కను చూసి, కారుతున్నది ఆయిలో నీళ్ళో మెకానిక్కు కంటే ముందు చెప్పగల మనిషి, తన ఒంట్లోంచి కారుతున్న దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

చెబితే ఆస్పత్రికి తీసుకుపోతారు. మళ్ళీ ఆ మాస్కు పెడతారు. ఈసారి లేవకపోతే? అదొక భయం. ఇంకొకటి దానికంటే లోతుగా ఉంది. అక్కడికి వెళ్ళాక ఎవరైనా పరిగెత్తుకొచ్చి, పొరపాటు జరిగింది, మీ పాప వేరే అంటే? అంటే తను ఏడుస్తుందో, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందో తనకే తెలియదు.

అందుకని ఎవరికీ చెప్పలేదు. చేతిరుమాలు మడిచి కుట్ల మీద పెట్టుకునేది. స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో మరకలు ఉతుక్కునేది. నైటీ పిండాలంటే ప్రాణం పోయేది, పిండకుండానే ఆరేసేది. రెండు రోజులు అలా నెట్టుకొచ్చింది.

తర్వాతి రోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని పాలిస్తుండగా వణుకు మొదలైంది. ఎండ కిటికీలోంచి నేరుగా మీద పడుతున్నా వణుకు ఆగలేదు. చేతులు తనవి కానట్టు సడలిపోతున్నాయి. పాప తల మోచేతి మీదనుంచి జారుతోంది. ఎలా లేచిందో, ఎలా రెండడుగులు వేసిందో, పాపను మంచం మీదికి దొర్లించి తను నేల మీద కూలబడింది.

అత్తగారు తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. కోడలి నుదుటి మీద చెయ్యి వేసి, చురుక్కుమన్నట్టు తీసేసింది.

"ఒళ్ళు కాలిపోతోంది. ఎప్పట్నుంచి?"

ఆమె నైటీ ముందు భాగాన్ని చేత్తో కప్పుకుంది.

"నిన్నే అమ్మాయ్. ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి."

"నా మొహం చూసి చెప్పు."

"మొన్నట్నుంచి."

"ఏదీ, చూడనీ."

"వద్దు అత్తయ్యా."

"ఒళ్ళు దాచుకునే వేళా ఇది? చెయ్యి తియ్యి."

ఆవిడే నైటీ పైకి తీసి, చేతిరుమాలు తొలగించి చూసింది. పొత్తికడుపు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా కోత. ఒక పక్క వాచి, ఎర్రబారి, నోరు తెరుచుకుంది. లోపల చీము. అత్తగారు, ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగనంత చిన్న గొంతుతో, "ఇంత పొడుగు కోశారా?" అంది. "వేలెడంత ఉంటుందేమో అనుకున్నాను. నాకెవరూ చెప్పలేదు."

ఆ తర్వాత ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోవడం లాంటిదేమీ జరగలేదు. కిటికీలోంచి కిందికి వంగి వడ్రంగిని కేకేసింది. అతనూ అతని తమ్ముడూ ఎక్కివచ్చారు. ఇంట్లో ఉన్న చెక్క కుర్చీని వడ్రంగి ఒకసారి అదిమి చూసి, "ఇది మన చేతి పనే, ఏం కాదు" అని ఆమెను అందులో కూర్చోబెట్టాడు. ఇద్దరూ చెరో పక్కా ఎత్తారు. ప్రతి మలుపులోనూ కుర్చీ గోడకు తగలబోయేది. వెనకాల పాపను ఎత్తుకుని దిగుతున్న అత్తగారు అరుస్తూనే ఉంది. "మెల్లగా నాయనా. అది బల్ల కాదు, మనిషి."

*

ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసిన వెంటనే బల్ల మీద పడుకోబెట్టమంది. ఆమె పక్కనున్న నర్సు మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మాస్కు వద్దు. దయచేసి మాస్కు వద్దు."

"మాస్కు అవసరం లేదమ్మా. చిన్న సూది, అంతే. నువ్వు మెలకువగానే ఉంటావు."

ఒక పక్క కుట్లు విప్పి, చీము తీసి, కడిగి, ఆ గుంతలో గుడ్డ కూరారు. సూది వేసినా నొప్పి తెలుస్తూనే ఉంది. ఆమె పైకప్పు వైపు కళ్ళప్పగించి, మెలకువగా ఉన్నందుకు సంతోషిస్తూ ఆ నొప్పిని భరించింది. "ఇంకొక్క రోజు ఆగి ఉంటే విషం రక్తంలోకి ఎక్కేది" అంది డాక్టరమ్మ. నరానికి మందు ఎక్కించాలి, కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి అని చెప్పింది.

కబురందుకుని భర్త మోచేతుల దాకా పిండితోనే పరిగెత్తుకొచ్చాడు. మంచం చివర కూర్చుని ఆమె పాదాలు పట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. అతను ఇంకేమీ అడక్కుండా మందులు తేవడానికి వెళ్ళాడు.

మంచం పక్కన అత్తగారు, ఆవిడ ఒళ్ళో పాప. మందు చుక్క చుక్కగా దిగుతోంది. ఇంక మోయలేననిపించింది ఆమెకు.

"అత్తయ్యా, ఒక మాట చెప్తాను. తిట్టకూడదు."

"తిట్టే మాటైతే తిడతాను. చెప్పు."

"ఈ పిల్ల నాదని నాకు అనిపించట్లేదు." పాప వైపు చూడకుండానే మిగతాదీ చెప్పేసింది. "నేను కనలేదు కదా, నిద్రపోయాను. లేచేసరికి ఒక పిల్లని తెచ్చి ఇచ్చారు. ఆయన కూడా చూడలేదట. ఎవరిదో మార్చి ఇచ్చారేమోనని రోజూ అదే."

అత్తగారు తిట్టలేదు. పాప మెడ కింద చెయ్యి సర్దుకుంది.

"నేనున్నాను కదా అక్కడ" అంది.

"ఎక్కడ?"

"ఆ గది తలుపు దగ్గర. పోయి బెంచీ మీద కూర్చోమన్నారు, నేను కూర్చోలేదు. తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది, చేతిలో ఇది. ఒంటి మీద రక్తం, తెల్లగా మీగడలాంటిదేదో. పట్టీ అప్పటికే కట్టి ఉంది. ఏడుపు లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ నర్సు చక్రాల తొట్టిలో వేసి తోసుకుపోతుంటే పక్కనే నడిచాను. మీరు రాకూడదంది. నా పాటికి నేను నడుస్తూనే ఉన్నాను. ఆ వరండా మలుపులో ఇది కాళ్ళు ఝాడించి కేర్‌మంది. అప్పుడు ఊపిరొచ్చింది నాకు."

"తర్వాత?"

"తర్వాత లోపల పెట్టారు. నేను అద్దం దగ్గర నిలబడ్డాను. కిటికీ వైపు నుంచి రెండో తొట్టి. పొద్దున నీ దగ్గరికి తెచ్చేదాకా కదల్లేదు."

"రాత్రంతా నిలబడే ఉన్నారా?"

"ఒకసారి ఒంటేలుకి వెళ్ళాల్సొచ్చింది. అక్కడ ఊడ్చే ఆవిణ్ణి నా చోట నిలబెట్టి వెళ్ళాను. ఆ రెండో తొట్టి మీదనుంచి చూపు తిప్పితే ఊరుకోనన్నాను. పాపం, చీపురు పట్టుకుని అలాగే నిలబడింది."

"మరి ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా?" అని, కాస్త ఆలోచించి, "నువ్వు చూడలేదన్న సంగతి నాకు తట్టలేదే. కన్నవాళ్ళందరూ చూసే కంటారు కదా" అంది.

అది విని ఆమెకు ఏడుపు కట్టలు తెంచుకుంది. అత్తగారు చప్పున దిండు తీసి ఆమె పొట్ట మీద పెట్టి అదిమి పట్టుకుంది. "ఏడువు, ఏడువు. కుట్లు లాగకుండా ఏడువు."

*

ఆ పూటతో అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. అనుమానం పోయింది. అది కూర్చున్న చోట ప్రేమ వచ్చి కూర్చోలేదు. ఖాళీగా ఉండిపోయింది. ఈ పిల్ల నా పిల్లే అని తెలిసీ, ఒళ్ళోకి తీసుకున్నప్పుడు చేతులకు బరువు తప్ప ఇంకేమీ తెలియకపోతే, ఆ తప్పు ఇంక ఆస్పత్రి మీద వేయడానికి కూడా లేదు.

ఇంటికొచ్చాక రోజూ గాయంలోని పాత గుడ్డ తీసి కొత్తది కూరాలి. ఆ పని అత్తగారు నర్సు దగ్గర నేర్చుకుంది. కూరడానికి అవసరమైనవన్నీ పళ్ళెంలో సర్దుకుని, చేతులు సబ్బుతో మోచేతుల దాకా తోముకుని మొదలుపెట్టేది. ఎండిన గుడ్డ కండను పట్టుకుని వదిలేది కాదు. ఆమె మంచం కోడు పట్టుకుని, పళ్ళ బిగువున, "అత్తయ్యా, చెప్పండి" అనేది.

"ఏం చెప్పను?"

"ఆ మధ్యాహ్నం సంగతి."

అత్తగారు చెప్పేది. తలుపు తెరుచుకున్న దగ్గర మొదలుపెట్టి తొట్టి దాకా. రోజూ ఏదో ఒకటి కొత్తగా గుర్తొచ్చేది. పాప పిడికిలి ఎలా ఉంది, ఏ కాలు ముందు ఝాడించింది, పక్క తొట్టిలో పిల్లవాడు ఎంత బొద్దుగా ఉన్నాడు.

"నిన్న ఆ నర్సు పొట్టిదన్నారు. ఇవాళ పొడుగంటున్నారు."

"పొట్టిదే. ఎత్తు చెప్పులేసుకుంది. కదలకు."

కొంత కల్పించి చెబుతోందని ఆమెకు తెలుసు. అయినా వినేది. తను లేని ఆ మధ్యాహ్నం కొంచెం కొంచెంగా తనకు అందుతున్నట్టు ఉండేది.

ఒకరోజు అలా వింటూ, "మీరు నిజంగానే వారం తిరక్కుండా దుప్పట్లు పిండారా?" అని అడిగింది.

"పిండాను."

"ఏమీ కాలేదా?"

అత్తగారి చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలి కట్టు పూర్తి చేసింది. పళ్ళెం తీసుకెళ్ళి కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి, పని వేళలో ఎన్నడూ లేనిది, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎందుకు కాలేదూ. తడి దుప్పటి ఎత్తుతుంటే లోపల ఏదో జారినట్టయింది. గర్భసంచి. అప్పట్నుంచీ అంతే. ఎక్కువసేపు నిలబడితే కిందికి దిగిపోతుంది. గుడ్డ మడిచి కట్టుకుంటాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికైనా చెప్పుకునే సంగతా ఇది? నీ మొగుడికి చెప్పనా?" కిటికీ బయటికి చూసింది. "అలవాటైపోయిందిలే."

ఆమెకు అద్దం దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. గుడ్డ కట్టుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా, తెల్లారేదాకా. అత్తగారి అరచెయ్యి తీసుకుని పట్టుకుంది. ఆవిడ కాసేపు ఉంచి, "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచిపోయింది.

*

గాయం చూపించుకోవడానికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. "మీరూ చూపించుకోండి" అని ఆమె పట్టుబట్టింది.

"ఈ వయసులో ఎందుకే? నవ్వుతారు."

"ఎవరూ నవ్వరు. మీరు రాకపోతే నేను కట్టు మార్పించుకోను."

"మార్పించుకోకు. పొట్ట నీది."

అలా అన్నా, బయల్దేరేటప్పుడు ఉతికిన చీర కట్టుకుంది. చూసీ చూడనట్టు ఊరుకుంది కోడలు.

ముందు ఆమెను లోపలికి పిలిచారు. గాయం లోపలినుంచి పూడుతోందంది డాక్టరమ్మ. "పాపతో ఎలా ఉంది?" అని మామూలుగా అడిగింది. "బాగుందండీ" అని గుమ్మం దాకా వెళ్ళి, ఆమె ఆగిపోయింది. వెనక్కి తిరిగి, "బాగాలేదండీ" అంది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి మళ్ళీ కూర్చోమంది. ఇలా చాలామందికి ఉంటుందని, దాచుకుంటే పెరుగుతుందని చెప్పి, అదే ఆస్పత్రిలో మనసు సంగతులు చూసే ఒక డాక్టరు దగ్గరికి వారం వారం రమ్మంది. ఆ రోజు ఇంటికెళ్ళాక భర్తకు కూడా అంతా చెప్పింది. అతను విని, ఏదో చమత్కారం చేయబోయి, చేయలేక, పాపను ఎత్తుకుని గదంతా తిరిగాడు.

ఆస్పత్రిలో, కోడలి తర్వాత లోపలికి వెళ్ళిన అత్తగారు చాలాసేపటికి వచ్చింది. బెంచీ మీద కోడలి పక్కన కూర్చుంది. మొహం కందిపోయి ఉంది.

"ఏమన్నారు?"

"సంచి జారకుండా రింగు పెట్టారు. రబ్బరుది. గాజంత ఉంది." లేచి నిలబడి చూసింది. నాలుగడుగులు వేసింది. తిరిగొచ్చి కూర్చుంది. "దిగట్లేదు."

"మంచిదే కదా అత్తయ్యా."

"ఇంతేనా?" అంది అత్తగారు. "ఇంత రబ్బరు ముక్కకా ఇన్నేళ్ళు? బరువెత్తడానికి భయపడి, ఎక్కడికైనా వెళ్తే గోడవారగా కూర్చుని, దగ్గొస్తే చచ్చిపోయి. ఒక్కళ్ళు, ఒక్కళ్ళైనా చెప్పలేదే." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నలుగురూ చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపని ఎవరూ అనుకోరు. పోయిన ఏళ్ళ మీద కోపం. కోడలు ఓదార్చబోలేదు. పాపను ఇంకో చేతికి మార్చుకుని, ఆవిడకు ఆనుకుని కూర్చుంది.

*

గాయం పూడడానికి అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే పట్టింది. మనసుకు ఇంకా ఎక్కువ పట్టింది. కొన్ని వారాలు బాగుండేది, ఉన్నట్టుండి మళ్ళీ ఏదో మసక కమ్మేది. అత్తగారు తన చిన్న కూతురికి అవసరం వచ్చి అక్కడికి వెళ్ళింది. పగలు పాపను వడ్రంగి భార్య చూస్తానంది. ఆమె డిపోకు తిరిగి వెళ్ళింది. కోత పైన కొంత మేర చర్మానికి స్పర్శ రాలేదు. సీటు బెల్టు అక్కడ తగిలినా తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం, బస్సు నిండా జనం ఉండగా, స్టాపులో ఆగినప్పుడు ఫోను మోగింది. పాపకు పొద్దున టీకా వేయించారు. జ్వరం పెరిగిందని, పాలు తాగట్లేదని వడ్రంగి భార్య చెప్పింది. "భయపడకు, ఊరికే చెబుదామని చేశాను" అంది. ఆమె సరేనని ఫోను పెట్టేసి గేరు వేయబోయింది. గేరు తప్పింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తప్పింది. ఇంజను ఆపేసి, డిపోకు ఫోను చేసి, వేరే డ్రైవరును పంపమంది. దారి మధ్యలో బస్సు వదిలిపెట్టడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి. జనం గొణిగారు. కండక్టరు వాళ్ళకు సర్దిచెబుతూ, "నువ్వెళ్ళక్కా" అంది.

అంత దూరం వచ్చాక, వడ్రంగి ఇంటి గుమ్మంలో ఆయాసంతో నిలబడ్డప్పుడు గానీ తను ఏం చేసిందో ఆమెకు తట్టలేదు. పాప చాప మీద నిద్రపోతోంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. చేతులకు గ్రీజూ దుమ్మూ ఉన్నాయని ముట్టుకోలేదు. యూనిఫాంతోనే పక్కన కూర్చుని, పాప పొట్ట లేస్తూ పడుతోందో లేదో చూస్తూ ఉంది.

"చెప్పాను కదా, ఏం కాదని" అంది వడ్రంగి భార్య.

"నాకు కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి" అంది ఆమె.